ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ : చల్లని జ్వాలయు జీవకణమును

నిప్పును తాకినచో చేయి కాలును. ఇది పసిబిడ్డలు సైతము ఎఱిగిన సత్యము. కాని నేడు జర్మనీ మొదలగు దేశములలోని కొన్ని ఆసుపత్రులయందు వైద్యులు కలమువంటి యొక పరికరమును చేతబట్టి, దాని మొన నుండి వెలువడు సన్నని ఊదారంగు జ్వాలను రోగి పుండుపై మెల్లగా కదలించుచుందురు. చర్మము కాలదు. రోగికి కొంచెము వెచ్చదనము మాత్రమే తోచును. ఆ జ్వాల సోకినచోట సూక్ష్మజీవులు నశించును. చుట్టునున్న మనుష్య జీవకణములు మాత్రము చావకుండుటయే కాక, కొన్నియెడల మునుపటికన్న చుఱుకుగా వృద్ధి చెందును. శాస్త్రజ్ఞులు దీనిని శీతల ప్లాస్మా యందురు.

విద్యుత్తు ప్రవహించు వాయువునకు ప్లాస్మా యను పేరు పెట్టినవాడు అమెరికా దేశీయుడగు రసాయన శాస్త్రజ్ఞుడు ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్. ఆయన 1957లో గతించెను. ఈ వైద్యమును ఆయన చూడలేదు, ఊహించినట్లును కానరాదు. అయినను ఆ జ్వాల యెందుకు చల్లగా నుండునో, అది జీవకణమును ఎచట తాకునో మనము నేడు చెప్పగలుగుటకు ఆయన వాడిన రెండు చిన్న పనిముట్లు కారణములైనవి. ఒకటి సన్నని తీగ. రెండవది నీటి తొట్టి. ఈ రెండింటికిని సంబంధమున్నదని ఆ కాలమున ఎవరికిని తోచలేదు.

ఇర్వింగ్ 1881వ సంవత్సరము జనవరి 31వ తేదీన బ్రూక్లిన్ పట్టణములో జన్మించెను. తండ్రి చార్లెస్, తల్లి సేడీ. నలుగురు మగబిడ్డలలో ఆయన మూడవవాడు. తండ్రి జీవితభీమా కంపెనీ ఉద్యోగి. తలిదండ్రులు పిల్లలకొక మంచి అలవాటు నేర్పిరి. కంటబడిన వింతను శ్రద్ధతో పరిశీలించి, చూచినది చూచినట్లు పుస్తకమున వ్రాసి యుంచుకొనవలెను. విచిత్రమేమనగా, ఈ బాలునికి చూపు మందము. పదునొకండవ యేటివఱకు ఆ సంగతి పెద్దలు గుర్తింపలేదు. కండ్లద్దములు పెట్టిన పిదప, అంతవఱకు మసకగా నుండిన ప్రపంచము ఒక్కసారిగా స్పష్టమయ్యెను. దానితో వివరములమీద ఆసక్తి ఇబ్బడిముబ్బడియయ్యెను. మన తరగతులలో వెనుక బల్లపై కూర్చుండి నల్లబల్ల కానరాక మందబుద్ధులని పేరుపడిన పిల్లలు లేకపోలేదు. తలిదండ్రులు ఈ విషయమును గమనింతురు గాక.

తండ్రి యుద్యోగ కారణమున కుటుంబము మూడు సంవత్సరములు పారిసు నగరములో నుండవలసివచ్చెను. ఇంటిలో ఇంగ్లీషు, బడిలో ఫ్రెంచి. ఇంటి భాష యొకటి, వీధి భాష యొకటిగా పెరుగు మన పిల్లలకు ఆ బాలుని అవస్థ వేఱుగ వర్ణించి చెప్పనక్కఱలేదు. అచటి బడి ఆయనకంతగా రుచింపలేదు. కాని రసాయన శాస్త్రము చదువుకొనుచున్న అన్న ఆర్థరు సాయముతో ఇంటిలోనే చిన్న ప్రయోగశాలను అమర్చుకొని, బడిలో దొరకని తృప్తిని అచట పొందుచుండెను. అమెరికాకు మరలివచ్చి, 1903లో కొలంబియా విశ్వవిద్యాలయమున లోహశాస్త్రములో ఇంజనీరు పట్టము పొందెను. తరువాత జర్మనీ దేశమందలి గొట్టింజెను విశ్వవిద్యాలయమునకు పోయి, సుప్రసిద్ధుడగు వాల్తరు నెర్న్‌స్టు వద్ద పరిశోధన చేసి 1906లో డాక్టరు పట్టమును గడించెను. అచటి చదువు జర్మను భాషలో. ఎఱ్ఱగా కాలిన తీగ చుట్టును వాయువులు ఎట్లు విడిపోవునను విషయమే ఆయన పరిశోధనాంశము. ఆ కాలిన తీగ ఆయనను జీవితాంతము విడువలేదు.

స్వదేశమునకు వచ్చి మూడు సంవత్సరములు హోబోకెను పట్టణమందలి యొక సాంకేతిక కళాశాలలో ఉపాధ్యాయుడుగా నుండెను. పాఠములు చెప్పుటకే దినము చాలకుండెను. పరిశోధనకు తీరిక లేకపోయెను. 1909 వేసవి సెలవులలో స్కెనెక్టడీ నగరమందలి జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీవారి పరిశోధనశాలకు కొన్ని వారములు పనిచేయుటకై పోయెను. ఆ శాలకు అధిపతి విల్లిస్ విట్నీ. ఆయన ఈ యువకునికి ఇది చేయుము, అది చేయుమని యేమియు ఆజ్ఞాపింపక, కొన్ని దినములు శాలయంతయు తిరిగిచూచి నచ్చిన పనిని ఎన్నుకొమ్మనెను. సెలవులకు వచ్చిన యువకుడు 1950లో ఉద్యోగ విరమణ చేయువఱకు ఆ శాలలోనే యుండిపోయెను.

ఆయన ఎన్నుకొన్నది విద్యుద్దీపము. అప్పటి బల్బులలో టంగ్‌స్టన్ తీగ శూన్యములో వెలుగుచుండెను. కొంతకాలమునకు గాజు లోపలివైపు నల్లబడి వెలుతురు తగ్గిపోవుచుండెను. శూన్యము చాలినంతగా లేకపోవుటయే ఇందులకు కారణమని అందఱును తలచి, గాలిని ఇంకను తోడివేయుటకు ప్రయత్నించుచుండిరి. లాంగ్‌మ్యూర్ దానికి విరుద్ధమైన మార్గమున నడచెను. బల్బులోనికి వేర్వేఱు వాయువులను కావలెననియే చొప్పించి, ఒక్కొక్కటి యేమి చేయునో చూడసాగెను. ఇట్లు దాదాపు మూడు సంవత్సరములు గడచెను. కంపెనీకి కాసు లాభము లేదు. తాను జీతము తినుచు కంపెనీకి ఉపయోగింపని పని చేయుచున్నానేమో యను శంకను ఆయన విట్నీకి తెలుపగా, ఆ పెద్దమనిషి పని సాగింపుమనెనే కాని మందలింపలేదు. తుదకు తేలినదేమనగా, నలుపునకు కారణము తీగయే ఆవిరియై పోవుట. నత్రజనివంటి వాయువును నింపినచో ఆ ఆవిరి తగ్గును. వాయువు తీగ వేడిని తీసికొనిపోవు మాట నిజమే. కాని తీగను చుట్టలు చుట్టినచో ఆ నష్టమును తగ్గింపవచ్చును. 1913లో ఈ దీపము వెలువడెను. తరువాత నత్రజనికి బదులుగా ఆర్గాను వాయువు ప్రధానమయ్యెను. ఎల్‌.ఇ.డి. దీపములు వచ్చువఱకు మన యిండ్లలో వెలిగిన గుండ్రని బల్బు ఇదియే.

ఈ శోధనలోనే ఆయనకు మఱియొక వింత కనబడెను. ఉదజని వాయువులో తీగను మిక్కిలి వేడిచేసినప్పుడు, జంటగా నుండు ఉదజని పరమాణువులు విడిపోవును. విడిపోయిన ఒంటరి పరమాణువు దేనినైనను పట్టుకొనుటకు ఆతురపడుచుండును. అది యేదేని లోహపు ఉపరితలమును చేరి తన జతగానిని కలిసికొన్నప్పుడు, విడిపోవుటకు ఖర్చైన శక్తియంతయు అచటనే వేడిగా వెలువడును. దీని యాధారముననే ఆయన లోహములను అతుకు నూతన పద్ధతిని కనిపెట్టెను. వాయువులో శక్తిని పుచ్చుకొన్న కణము, ఆ శక్తిని దూరమున నున్న ఉపరితలముపై దింపగలదు. చదువరులు ఈ సంగతిని జ్ఞాపకమందుంచుకొందురు గాక. శీతల ప్లాస్మా జీవకణములయెడ చేయు పనియు స్థూలముగా ఇట్టిదే.

ఇక నీటి తొట్టి సంగతి. నీటిపై నూనెబొట్టు వేసినచో అది పలుచగా ప్రాకునని వంటయింటి స్త్రీలందఱకును తెలియును. జర్మనీలో ఆగ్నెస్ పాకెల్సు అను నామె, విశ్వవిద్యాలయ విద్య లేకయే, తన వంటయింటిలోనే ఒక రేకు తొట్టితో ఈ పొరల బలమును కొలిచెను. ఆమె లేఖ 1891లో ఇంగ్లండునందలి ప్రసిద్ధ పత్రిక నేచరులో ప్రకటింపబడెను. లాంగ్‌మ్యూర్ ఆ తొట్టిని మెఱుగుపఱచి, 1917లో ఒక గొప్ప విషయమును స్థాపించెను. తగినంత చోటిచ్చినచో కొవ్వు పదార్థము నీటిపై ఒక్క అణువు మందమున మాత్రమే పఱచుకొనును. అంతేకాదు, ఆ అణువులు చిందరవందరగా పడియుండవు. ప్రతి యణువునకును నీటిని కోరు తల యొకటి, నీటిని అసహ్యించుకొను తోక యొకటి యుండును. తలలు నీటిలో, తోకలు గాలిలో. మడిలో నాటిన వరినారువలె బారులు తీరి నిలుచును.

ఇది జీవశాస్త్రమునకు ఎట్లు పనికివచ్చెనో చూడుడు. 1925లో హాలండు దేశమందలి లైడెను నగరమున గోర్టరు, గ్రెండెలు అను నిరువురు, నెత్తుటిలోని ఎఱ్ఱకణముల నుండి కొవ్వును తీసి, లాంగ్‌మ్యూర్ తొట్టిలోని నీటిపై పఱచిరి. అది ఆక్రమించిన వైశాల్యమును కొలువగా, ఆ ఎఱ్ఱకణముల మొత్తపు ఉపరితలమునకు సుమారు రెండింతలయ్యెను. కావున జీవకణమును చుట్టియుండు పొర రెండు వరుసల కొవ్వు అణువులచే నిర్మింపబడినదని వారు నిర్ణయించిరి. తోకలు రెండును లోపల ఎదురెదురుగా, తలలు బయటి నీటివైపును లోపలి నీటివైపును. నిజమునకు వారు కొవ్వును పూర్తిగా తీయలేకపోయిరి. కణపు ఉపరితలమునుగూడ తక్కువగా లెక్కించిరి. ఆ రెండు లోపములు ఒకదానినొకటి కొట్టివేయుటచే సమాధానము సరిపోయెను! శాస్త్రములోనుగూడ అదృష్టమున్నది కాబోలు. ఆ పొర మందము ఒక మిల్లీమీటరును పదిలక్షల భాగములు చేసినచో అందు ఐదు మొదలు ఎనిమిది భాగములు మాత్రమే. ప్రాణమునకును బయటి లోకమునకును నడుమ నున్న గోడ యింత పలుచనిది.

తొట్టి పని యటుంచి, అదే పరిశోధనశాలలో 1920వ దశకమున లాంగ్‌మ్యూర్ వేఱొక బల్లపై, పలుచని పాదరసపు ఆవిరి నింపిన గాజుగొట్టములలో విద్యుత్తును ప్రవహింపజేయుచుండెను. గొట్టము వెలుగును. లోపల పరమాణువుల నుండి కొన్ని ఎలక్ట్రానులు ఊడిపోయి ఋణావేశముతో స్వేచ్ఛగా పరుగెత్తుచుండును. మిగిలిన పరమాణువులు ధనావేశము గల అయానులగును. ఆ లోపలి స్థితిని కొలుచుట యెట్లు? ఆయన ఒక సన్నని తీగను వెలుగులోనికి చొప్పించి, దానికి వేర్వేఱు వోల్టుల పీడనమిచ్చి, ప్రతిసారియు ఎంత కరెంటు వచ్చెనో వ్రాసికొనెను. అంతకుముందును కొందఱు అట్లు తీగలను పెట్టి చూచిరి. కాని తీగచుట్టును ఆవేశము గల యొక తొడుగు ఏర్పడి కొలతను తారుమారు చేయునని వారు గ్రహింపలేదు. లాంగ్‌మ్యూర్, ఆయన సహోద్యోగి హెరాల్డు మాట్-స్మిత్ ఆ తొడుగును లెక్కలోనికి తీసికొని, తీగ చెప్పు మాటకు సరియైన అర్థము చెప్పిరి. నేటికిని ఆ తీగను లాంగ్‌మ్యూర్ ప్రోబు అనియే యందురు.

తీగ చెప్పిన వార్త ఆశ్చర్యకరమైనది. గాజుగొట్టము చేతితో తాకదగినంత వెచ్చగా మాత్రమే యున్నది. లోపలి ఎలక్ట్రానుల ఉష్ణోగ్రతయో, పదివేల డిగ్రీలకు మించియున్నది! ఒకే పాత్రలో రెండు ఉష్ణోగ్రతలు. ఇది యెట్లు సాధ్యము? ఎలక్ట్రాను అత్యంత తేలికయైనది. పాదరసపు పరమాణువు దానికన్న మూడున్నర లక్షల రెట్లకు పైగా బరువైనది. గోళీకాయను విసరి రుబ్బురోలును కొట్టినచో గోళీ యెగిరి వెనుకకు వచ్చునే కాని రోలు కదలునా? అట్లే ఎలక్ట్రాను ఎంత వేగముగా తగిలినను పరమాణువునకు తన వేడిలో అత్యల్ప భాగము మాత్రమే ఈయగలదు. తఱచుగా తగిలినచో తుదకు వాయువును వేడెక్కును. పలుచని వాయువులో ఆ తాకిడులు తక్కువ. కావున ఎలక్ట్రానులు మండుచున్నను వాయువు చల్లగా నుండును. మన ట్యూబులైటు వెలుగుట ఈ రహస్యముచేతనే.

1928లో ప్రకటించిన వ్యాసములో ఆయన ఇట్టి వాయువునకు ప్లాస్మా యని నామకరణము చేసెను. ఆ పేరే యేల? కారణమును ఆయన అందు విస్తరించి వ్రాయలేదు. బహుకాలమునకు, 1971లో, మాట్-స్మిత్ ఆ సంగతిని వెల్లడించెను. నెత్తుటిలో ఎఱ్ఱకణములను, తెల్లకణములను, సూక్ష్మజీవులను మోసికొనిపోవు పలుచని ద్రవమునకు వైద్యులు ప్లాస్మా యను పేరు అంతకుముందే పెట్టియుండిరి. విద్యుత్తు నిండిన ఈ వాయువును ఎలక్ట్రానులను, అయానులను, ఇతర కణములను తనలో మోసికొని పోవుచుండుట చూచి, లాంగ్‌మ్యూర్‌కు నెత్తురు జ్ఞప్తికి వచ్చెనట. చాలకాలము ఈ పేరు వైద్యులను భౌతికశాస్త్రజ్ఞులను కూడ తికమక పెట్టుచుండెను. నెత్తుటి పోలికతో పుట్టిన పేరు డెబ్బది యెనుబదేండ్లకు నిజముగనే నెత్తురు కారు పుండు నొద్దకు వచ్చి చేరినది.

1932లో ఉపరితలముల రసాయన శాస్త్రమునకుగాను ఆయనకు నోబెలు బహుమానము లభించెను. ఆ శాలలో ఆయన కడ పనిచేసి, కేంబ్రిడ్జిలో భౌతికశాస్త్రమున డాక్టరు పట్టము పొందిన స్త్రీలలో మొదటిదైన కాథరిన్ బ్లాజెటు, నీటిపై నిలిచిన ఆ ఒంటివరుస పొరలను గాజుపలకపై ఒకదానిమీద నొకటిగా ఎత్తు నేర్పును సాధించి, 1938లో కాంతిని వెనుకకు త్రిప్పని గాజును తయారుచేసెను. లాంగ్‌మ్యూర్ కొండలెక్కుటయందును, మంచుపై జారుటయందును ఆసక్తి గలవాడు. నడివయస్సున విమానము నడుపుట నేర్చుకొనెను. 1912లో మారియన్ మెర్సెరోను వివాహమాడి, ఇరువురు బిడ్డలను పెంచుకొనెను.

ఇంతవఱకు చెప్పినదంతయు జయపరంపరయే. అంతటితో విడుచుట సత్యమునకు న్యాయము కాదు. 1946లో ఆయన సహాయకుడు విన్సెంటు షేఫరు, గడ్డకట్టిన బొగ్గుపులుసు వాయువును మేఘముపై చల్లి మంచు కురిపింపగలిగెను. లాంగ్‌మ్యూర్ ఆనందమునకు మేర లేకపోయెను. 1947 అక్టోబరు 13వ తేదీన, ఆయన సలహాదారుగా నున్న ప్రభుత్వపు పథకములో, అట్లాంటిక్ సముద్రముపై పోవుచుండిన యొక తుపానుపై ఆ పదార్థమును చల్లిరి. అంతలో ఆ తుపాను దిక్కు మార్చుకొని పడమరకు తిరిగి, 15వ తేదీన సవానా నగర సమీపమున తీరమును తాకి నష్టము కలిగించెను. జనులు మండిపడిరి. లాంగ్‌మ్యూర్ మాత్రము ఆ మలుపు తమ పనియే యని నమ్మెను, ఇతరులకును చెప్పెను. చల్లకముందే తుపాను మలుపు తిరుగనారంభించెననియు, 1906లో వచ్చిన తుపాను యొకటి అదే త్రోవను పోయెననియు వాతావరణ శాస్త్రజ్ఞులు తరువాత చూపించిరి. న్యూమెక్సికోలో వారమునకొకసారి తాము చల్లిన రసాయనమువలన దూరమందలి ఓహాయో లోయలో వారమున కొకమాఱు వానలు పడుచున్నవనియు ఆయన వాదించెను. పలువురు ఒప్పుకొనలేదు.

ఆశ్చర్యమేమనగా, ఈ లాంగ్‌మ్యూరే 1953 డిసెంబరు 18వ తేదీన స్కెనెక్టడీలో చేసిన యొక ఉపన్యాసమున, మంచి శాస్త్రజ్ఞులు సైతము లేని దానిని ఉన్నట్లు చూచి తమను తాము ఎట్లు మోసగించుకొందురో వివరించెను. ఆయన ఎత్తిచూపిన ఉదాహరణములలో నొకటి మన ప్రస్తుత విషయమునకు మిక్కిలి దగ్గఱిది. 1923లో రష్యా దేశీయుడు గుర్విచ్, ఉల్లి వేరు కొననుండి యేదో అదృశ్య కిరణము బయలుదేరి ప్రక్కనున్న వేరులోని జీవకణములను త్వరగా విభజింపజేయుచున్నదని చెప్పెను. ఎందఱో నమ్మిరి, వందలకొలది వ్యాసములు వ్రాసిరి. శ్రద్ధగా పరీక్షించినవారికి ఆ కిరణము దొరకలేదు. అట్టి భ్రమలను గుర్తించు లక్షణములను లాంగ్‌మ్యూర్ కొన్నిటిని చెప్పెను. ఫలితము కంటికి కనబడీ కనబడకుండును. కారణమును పెంచినను ఫలితము పెరుగదు. ఎవరేమి ఆక్షేపించినను అప్పటికప్పుడు కల్పించిన సమాధానము సిద్ధముగా నుండును. మేఘముల విషయమున ఈ తూనికరాళ్లతో తన మాటలను తాను తూచుకొనెనా యని మనకు సందేహము కలుగక మానదు. ఎదుటివాని కంటి నలుసు కనబడినంత తేలికగా మన కంటిది కనబడదు. అంతమాత్రమున ఆ తూనికరాళ్లు తప్పు కావు.

1957 ఆగస్టు 16వ తేదీన మసాచుసెట్సు రాష్ట్రములో, సముద్రతీరమున, హృద్రోగముచే ఆయన హఠాత్తుగా మరణించెను.

ఆయన పోయిన సుమారు నలువది సంవత్సరములకు, అనగా 1990వ దశకమున, శాస్త్రజ్ఞులు శీతల ప్లాస్మాను గాజుగొట్టము నుండి బయటికి తెచ్చి, మన చుట్టునున్న మామూలు గాలిలో నిలుపనేర్చిరి. గాలి దట్టమైనది గనుక తాకిడులెక్కువ. విద్యుత్తు వదలి యూరకున్నచో అది వెల్డింగు మంటయై కూర్చుండును. అందుచే విద్యుత్తును క్షణకాలపు తునకలుగా ఇత్తురు. లేదా గాజువంటి అడ్డును నడుమ నుంతురు. వాయువు వేడెక్కుటకు వ్యవధి చిక్కదు. 1996లో మునీర్ లరూసీ ఇట్టి ప్లాస్మాతో సూక్ష్మజీవులను చంపవచ్చునని ప్రకటించెను. 2013లో జర్మనీలో గ్రైఫ్‌స్వాల్డు నగరపు ప్లాస్మా పరిశోధన సంస్థలో పుట్టిన ఆర్గాను జ్వాల పరికరమునకు వైద్యమున వాడుటకు అనుమతి లభించెను. లాంగ్‌మ్యూర్ దీపములలోని వాయువే ఇచటను పనికివచ్చెను.

ఈ జ్వాల జీవకణమునకు చేయునదేమి? వేగము గల ఎలక్ట్రానులు గాలిలోని ఆమ్లజనిని, నత్రజనిని, నీటియావిరిని బ్రద్దలు కొట్టును. ఆ తునకలు ఒంటరి ఉదజని పరమాణువువలెనే దేనినైనను పట్టుకొనుటకు పరుగెత్తుచు, ఓజోను, నైట్రిక్ ఆక్సైడు, హైడ్రోజను పెరాక్సైడు మున్నగు తీక్ష్ణ పదార్థములగును. పుండుపై ఎల్లప్పుడును పలుచని తడి యుండును. అల్పాయువు గల తునకలు ఆ తడిలోనే అంతమగును. హైడ్రోజను పెరాక్సైడువంటి దీర్ఘాయువులు దానిని దాటి కణపు పొరను చేరును. అదియే గోర్టరు, గ్రెండెలు తొట్టిలో కొలిచిన రెండు వరుసల కొవ్వు గోడ. తీక్ష్ణ పదార్థములు కొవ్వు తోకలను ఆమ్లజనితో కలిపి చెడగొట్టగా, క్రిక్కిఱిసిన బారులు సడలి సందులేర్పడును. ఆ సందుల గుండ మఱికొన్ని లోనికి పోవును. తీగ కొలిచిన వేడియు, తొట్టి చూపిన గోడయు ఇచట కలిసికొన్నవి.

మఱి బాక్టీరియా చచ్చి మన కణము బ్రతుకుట యెట్లు? బాక్టీరియా మిక్కిలి చిన్నది. దాని పరిమాణముతో పోల్చిచూడగా పొర వైశాల్యమెక్కువ. మన కణము పెద్దది. తీక్ష్ణ పదార్థములను విఱిచివేయు ఎంజైములు దానికి సమృద్ధిగా కలవు. చెడిన భాగములను బాగుచేసికొను శక్తియు గలదు. పైగా హైడ్రోజను పెరాక్సైడు దానికి పూర్తిగా శత్రువు కాదు. అత్యల్ప మాత్రలో మన కణములే దానిని తయారుచేసికొని, పెరుగుము, కదలుము అను సంకేతముగా వాడుకొనును. కావున జ్వాల కొద్ది క్షణములు సోకినచో కణము చుఱుకుతనము పొందును. కొంచెము ఎక్కువసేపు సోకినచో అది తనంతట తాను క్రమముగా కూలి చచ్చును. మితిమీరినచో పొర పగిలి నశించును. క్యాన్సరు కణములలో ఈ తీక్ష్ణ పదార్థములు ముందే హెచ్చుగా నుండును గనుక, మామూలు కణము ఓర్చుకొను మాత్రకే అవి కూలునని ప్రయోగశాలలలో చూచిరి.

లాంగ్‌మ్యూర్ చెప్పిన లక్షణములతో దీనిని పరీక్షింపవలదా? జ్వాల తాకు కాలమును పెంచినకొలది ఫలితము మాఱుచున్నది. హైడ్రోజను పెరాక్సైడును విఱుచు ఎంజైమును ముందుగా కలిపి యుంచినచో ఆ ఫలితము తగ్గిపోవుచున్నది. పలు దేశములలో, ఒకరికొకరు తెలియనివారు చేసినను ఇట్లే వచ్చుచున్నది. ఉల్లి వేరు కిరణమునకు ఈ భాగ్యము పట్టలేదు. అయినను క్యాన్సరు విషయమున జరిగిన పని అత్యధికము గాజుపళ్లెములలోను ఎలుకలలోను జరిగినదే. రోగులపై జరిగిన పరీక్షలు కొద్ది. చల్లని జ్వాల సర్వరోగ నివారిణి యని ఎవరైన ప్రకటించినచో మన తలిదండ్రులు డబ్బు సంచి విప్పకముందు ఒకటికి రెండుమాఱులు విచారింపవలెను.

పుండ్ల సంగతి యంతకన్న దృఢమైనది. మధుమేహ రోగుల పాదములకు కలిగి మానక వేధించు పుండ్లపై జర్మనీలో నొక పరీక్ష జరిపి, 2020లో ఫలితములు ప్రకటించిరి. మామూలు చికిత్సతోపాటు కొందఱికి నిజమైన ఆర్గాను జ్వాలను, కొందఱికి జ్వాల లేని ఉత్తుత్తి చికిత్సను చేసిరి. ఎవరికేది జరిగినదో రోగులకు తెలియనీయలేదు. నిజమైన జ్వాల సోకిన పుండ్లు త్వరగా చిన్నవయ్యెను. కాని సూక్ష్మజీవుల విషయమున రెండు వర్గములకును చెప్పుకొనదగిన భేదము కనబడలేదు. క్రిములను చంపుటచేతనే పుండు మానునని తలచినవారికి ఇది ఎదురుచూడని జవాబు. క్రిములు తగ్గుటవలన కాక, ఆ పలుచని గోడ కావల చేరిన సంకేతమువలననే మన కణములు మేల్కొని పుండును పూడ్చుచున్నవా యని ఇప్పుడు పరిశోధించుచున్నారు.